డస్టర్ డీజిల్ ఇంజన్‌కు ఇంటి దగ్గరే టైమింగ్ బెల్టు మార్చుకోవడం

రెనో డస్టర్, నిస్సాన్ టెర్రానో, సన్నీ, మైక్రా, మహీంద్రా లోగన్, ఆ తరువాత పేరు మార్చుకుని వచ్చిన వెరిటో, వీటి డీజిల్ బళ్ళన్నిటిలోనూ బానెట్ కింద ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన ఇంజన్. కె9కె అని పిలిచే ఆ 1461 సీసీ ఇంజన్‌లో క్యామ్‌ను తిప్పేది చైను కాదు, రబ్బరు బెల్టు; దానినే టైమింగ్ బెల్టు అంటారు. క్యామ్ అంటే గాలీ పొగా వచ్చిపోయే వాల్వులను తెరిచి మూసే ఇరుసు. మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో ఉండే 1.3 లీటర్ల ఇంజన్‌కు చైను ఉంటుంది కనుక, ఆ బండి నడిపి డస్టర్‌కు మారినవారు చాలామంది బెల్టు సంగతే తలచుకోరు. మన దేశంలో డస్టర్ 2012 జులైలో వచ్చింది; 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు అమలులోకి రావడంతో దాని డీజిల్ రకం ఆగిపోయింది. అంటే ఈ ఇంజన్‌తో నడుస్తున్న డస్టర్లలో అన్నిటికంటే కొత్తదానికి కూడా ఐదేళ్ళు దాటాయి. కంపెనీ బిగించిన మొదటి బెల్టుతోనే ఇంకా తిరుగుతున్న బండి మీదైతే, ఈ పనిని వాయిదా వేయడానికి కారణమేదీ మిగలలేదు.

బెల్టు తెగితే ఏమవుతుందో ముందు చెప్పుకోవాలి. కె9కె లో వాల్వులు తెరుచుకున్నప్పుడు దిగే చోటికే పిస్టన్లు కూడా ఎక్కి వస్తాయి. రెండూ ఢీకొనకుండా వేళ తప్పించి నడిపించేది ఆ బెల్టే. అది తెగినా, పళ్ళు ఊడి జారినా, క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లతో కలిసి తిరిగే ఇరుసు, అంటే క్రాంకు, మాత్రం తన వేగం మీద తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు గుద్దుతాయి. ఎనిమిది వాల్వులలో కొన్ని వంగుతాయి, సిలిండర్ల మీద మూతలా కూర్చుని వాల్వులను మోసే హెడ్డును దించక తప్పదు. చైను వదులైతే చప్పుడు చేసి చెబుతుంది. బెల్టుకు ఆ మర్యాద లేదు, ఉదయం దాకా బాగా నడిచిన బండి మధ్యాహ్నం హైవే మీద ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఈ పని కష్టం బెల్టును ఊడదీయడంలోనూ లేదు, కొత్తది తొడగడంలోనూ లేదు. పాత బెల్టు బయటికి వచ్చిన క్షణం నుంచి కొత్త బెల్టు బిగిసే క్షణం దాకా, క్రాంకుకూ క్యామ్‌కూ మధ్య ఉన్న సంబంధం వెంట్రుకవాసి కూడా చెదరకుండా కాపాడటంలో ఉంది. అందువల్ల రోజంతా పట్టే ఈ పనిలో తొందరపడకూడని ఘట్టాలు రెండే: పిన్నులు వేసి ఇంజన్‌ను కదలకుండా నిలబెట్టడం, బెల్టు బిగించాక చేత్తో రెండు చుట్లు తిప్పి చూడడం. మిగిలినదంతా బోల్టులు విప్పి బిగించడమే.

ఇంతకుముందు కనీసం బ్రేకు ప్యాడ్లు, ఆల్టర్నేటర్ బెల్టు, రేడియేటర్ కూలెంటు వంటివి స్వయంగా మార్చిన అనుభవం ఉన్నవారికే ఇది చెబుతున్నాను. టార్క్ రెంచి (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) ఎన్నడూ పట్టుకోనివారు దీనితో మొదలుపెట్టడం మంచిది కాదు. ఇక్కడ ఒక అడుగు తప్పితే పోయేది ఒక బోల్టు కాదు, ఇంజన్.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దేశాన్నిబట్టీ, తయారైన సంవత్సరాన్నిబట్టీ కంపెనీ చెప్పే అంకె మారుతుంది కనుక మీ బండితో వచ్చిన పుస్తకం చూసుకోవాలి. నా లెక్క మాత్రం 80,000 కిలోమీటర్లు లేదా ఐదేళ్ళు, ఏది ముందొస్తే అది. మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని అరగంట నిలబడిన ఇంజన్ ఒక్క కిలోమీటరు కూడా నడవకపోయినా, దాని బెల్టు తిరుగుతూనే ఉంది, వేడికి కాగుతూనే ఉంది. మీటరు చూపే అంకెను పూర్తిగా నమ్మకూడదనడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

సామాను సమకూర్చుకోవడం

బెల్టు ఒక్కటే కొని రావద్దు. బెల్టూ, దానిని బిగువుగా ఉంచే చక్రమైన టెన్షనరూ కలిసిన కిట్టు దొరుకుతుంది. అందులోనే నీటి పంపు కూడా ఉన్న కిట్టు తీసుకోవాలి. ఈ ఇంజన్‌లో నీటి పంపును తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. పంపు బేరింగు రేపు అరిగి బిగుసుకుంటే కొత్త బెల్టు దానితోపాటే పోతుంది, ఒక్క లీకు కోసం ఈ పనంతా మళ్ళీ మొదటినుంచి చేయాలి. కొంతకాలం కిందట ఒక షెడ్డులో నా బండికి బెల్టు మార్చి, "టెన్షనర్ బాగానే ఉంది సార్" అని పాతదానినే ఉంచేశారు. ఏడాది తిరగకుండానే ముందువైపు నుంచి సన్నటి కూత మొదలైంది. కవరు విప్పి చూస్తే టెన్షనర్ బేరింగులో గ్రీజు జాడే లేదు, చక్రం వేలితో తిప్పితే గరగరమంటోంది. ఆ రోజు మిగిలిన డబ్బు కంటే తరువాత పెట్టిన ఖర్చు ఎక్కువ.

క్రాంకు చివర బయటి బెల్టును తిప్పే పుల్లీ ఉంటుంది, దాని బోల్టు కొత్తది కావాలి. దానిని చెప్పిన టార్కుకు బిగించి, ఆపైన మరికొంత కోణం తిప్పుతారు కనుక అది కొద్దిగా సాగుతుంది. సాగిన బోల్టును మళ్ళీ వాడకూడదు. ఆల్టర్నేటర్‌నూ ఏసీ కంప్రెసర్‌నూ తిప్పే బయటి బెల్టు కూడా కొత్తది తెచ్చుకోవాలి. ఇది అదనపు ఖర్చులా కనిపిస్తుంది కానీ, ఈ ఇంజన్‌కు పేరుపడిన జబ్బు ఒకటుంది: బయటి బెల్టు అంచులు చిరిగి, ఆ పోగులు క్రాంకు పుల్లీ వెనుక నుంచి కవరులోకి దూరి, టైమింగ్ బెల్టు పళ్ళ మధ్య ఇరుక్కుంటాయి. లోపలి బెల్టు కొత్తదైనా, బయట చిరుగుల బెల్టు ఉన్నంతకాలం ఇంజన్‌కు భద్రత లేదు. వీటితోపాటు కంపెనీ సూచించిన రకం కూలెంటు, డిస్టిల్డ్ వాటరు ఉంచుకోవాలి.

నకిలీ సరుకు గురించి ఒక మాట. బెల్టు పెట్టె మీద పేరు చూసి మోసపోవడం తేలిక. అసలు బెల్టు వెనుక అచ్చు స్పష్టంగా ఉంటుంది, పళ్ళ మీది బట్ట సమంగా అతుక్కుని ఉంటుంది, కోసిన అంచులో పోగులు బయటికి పొడుచుకురావు. ఆటోనగర్‌లో కొన్నా, రాణిగంజ్‌లో కొన్నా, బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. బెల్టు చేతికి వచ్చాక దానిని మడవకూడదు, మెలిపెట్టకూడదు, మేకుకు వేలాడదీయకూడదు. రబ్బరు లోపల బలాన్నిచ్చేవి గాజు పోగులు. మడతపడ్డ చోట అవి పైకి కనిపించకుండా విరుగుతాయి.

పనిముట్లలో మామూలు సాకెట్ల పెట్టె, రింగు పానాలు, 6 మిల్లీమీటర్ల అల్లెన్ కీ, జాకీ, రెండు ఇనుప స్టాండ్లు, ఇంజన్ కింద పెట్టడానికి వెడల్పైన చెక్క దిమ్మ, రెండు టార్క్ రెంచీలు కావాలి. చిన్న బోల్టులకు చిన్నదీ, క్రాంకు బోల్టుకు 200 న్యూటన్ మీటర్ల దాకా చూపే పెద్దదీ. కోణం కొలిచే డయల్ కూడా ఒకటి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనవి క్రాంకునూ క్యామ్‌నూ సరైన స్థానంలో నిలిపే లాకింగు పిన్నులు. క్రాంకు పిన్ను మరలున్నది, ఇంజన్ బ్లాకులోకి (సిలిండర్లుండే ప్రధాన దిమ్మ) బిగుస్తుంది. క్యామ్ పిన్ను 8 మిల్లీమీటర్ల మందంగల నున్నటి కడ్డీ. క్యామ్‌కు 8 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు తోకను వాడేవారున్నారు. అది నిటారుగా, వదులు లేకుండా కూర్చుంటే నాకు అభ్యంతరం లేదు. క్రాంకు పిన్ను విషయంలో మాత్రం ఏదో ఒక బోల్టుతో సరిపెట్టకూడదు. క్రాంకు ఎక్కడ ఆగాలన్నది ఆ పిన్ను పొడవు మీదే ఆధారపడి ఉంటుంది కనుక, ఈ ఇంజన్‌కు చేసిన సెట్టునే కొనాలి.

బెల్టు దాకా చేరడం

ముందురోజు సాయంత్రమే బండిని చదునైన నేల మీద నిలిపి, రాత్రంతా చల్లారనివ్వాలి. బెల్టు బిగువును చల్లటి ఇంజన్ మీదే సరిచూడాలి. మన వేసవిలో ఎండలో నిలిపిన బండి మధ్యాహ్నానికి చల్లటి ఇంజన్ అనిపించుకోదు. తెల్లవారకముందే మొదలుపెట్టడం అన్నివిధాలా మేలు.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. ఈ బళ్ళలో టైమింగ్ వైపు అంటే కుడివైపు, మనకు డ్రైవరు వైపు. వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, ముందు కుడి చక్రం బోల్టులు వదులుచేసి, జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన బండి కిందికి చేయి కూడా పెట్టకూడదు. చక్రం, దాని వెనుక ఉన్న ప్లాస్టిక్ తొడుగు, ఇంజన్ కింది పళ్ళెం తీసేస్తే క్రాంకు పుల్లీ ఎదురుగా కనిపిస్తుంది. బయటి బెల్టు తీసేయాలి. పైన దారికి అడ్డొచ్చే వైర్లనూ, డీజిలు ఫిల్టరునూ వీలైనంతవరకు పైపులు విప్పకుండానే పక్కకు జరపాలి. ఇంజెక్టర్లకు డీజిలు తీసుకెళ్ళే హై ప్రెషర్ పైపుల జోలికి అసలు పోకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా ఇంజెక్టరు పాడవుతుంది.

క్రాంకు పుల్లీ బోల్టు మొండిది. దానిని విప్పడానికి సహాయకుడు ఒకరు కావాలి: ఆయన బండిలో కూర్చుని అయిదో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే, మీరు పొడుగు చేతి రాడ్డుతో బోల్టును కదిలించాలి. ఒక చక్రం గాలిలో ఉన్నా బ్రేకు పట్టి ఉన్నంతసేపూ క్రాంకు తిరగదు. లాకింగు పిన్ను వేసి, దాని బలం మీద ఈ బోల్టును విప్పడం ఘోరమైన తప్పు. ఆ పిన్ను స్థానం చూపించడానికే ఉంది, బలానికి ఎదురు నిలవడానికి కాదు. వంగినా విరిగినా తుంట లోపలే మిగిలిపోతుంది.

పుల్లీ ఊడాక, ఇంజన్‌ను చేత్తో తిప్పడానికి పాత బోల్టునే వాడుకోవాలి. అయితే పుల్లీ మందం తగ్గింది కనుక ఆ మేరకు మధ్యలో ఒక ఇనుప గొట్టపు ముక్క వేసి బిగించాలి. లేకపోతే బోల్టు అడుగుకు తగులుతుంది గానీ పళ్ళచక్రాన్ని పట్టుకోదు, పానా తిప్పితే చక్రం జారుతుంది.

ఇప్పుడు ఇంజన్ బరువును కింది నుంచి మోయాలి. సంపు (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే పాత్ర) కింద చెక్క దిమ్మ పెట్టి, జాకీని తాకేదాకా మాత్రమే లేపాలి, ఎత్తకూడదు. ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే కుడివైపు మౌంటింగు ఎక్కడ కూర్చుని ఉందో బోల్టుల చుట్టూ మార్కరుతో గీసుకుని, తరువాత విప్పాలి. హెడ్డుకు బిగించిన దాని బ్రాకెట్టు కూడా వస్తేనే పై కవరుకు దారి దొరుకుతుంది. కవరు క్లిప్పులు వేడికి పెళుసెక్కి ఉంటాయి, స్క్రూడ్రైవరుతో పెకలించకుండా వేళ్ళతో నెమ్మదిగా విప్పాలి. క్యామ్ సెన్సారును ముందే విప్పి, వైరుతో సహా పక్కన ఉంచుకోవాలి.

ఇంజన్‌ను నిలబెట్టడం

ఈ ఘట్టం అర్థంకావాలంటే ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అందువల్ల పిస్టన్ పైకొసకు చేరే స్థితి క్యామ్ ఒక్క చుట్టు తిరిగేలోగా రెండుసార్లు వస్తుంది. క్యామ్ చక్రంలోని రంధ్రం మాత్రం హెడ్డులోని రంధ్రానికి ఒక్కసారే ఎదురవుతుంది. క్రాంకు పిన్ను ఒక్కటే పడినంత మాత్రాన సరైన చోట ఉన్నామని అనుకోవడానికి లేదు. క్యామ్ పిన్ను పడితేనే సరి. రెనో లెక్కలో మొదటి సిలిండరు బెల్టు వైపుది కాదు, గేరుబాక్సు వైపుది. ఇది తెలియక కంగారుపడేవారున్నారు. ఒకటో పిస్టనూ నాలుగో పిస్టనూ ఎప్పుడూ కలిసే పైకెక్కుతాయి కనుక, పిన్నులతో పని చేసేవారికి ఆ తేడా అడ్డురాదు.

బ్లాకు మీద టైమింగు బెల్టు వైపు చివర ఉన్న చిన్న ప్లగ్గును విప్పాలి. క్రాంకు బోల్టుకు సాకెట్టు తగిలించి, చక్రం వైపు నుంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగే దిశలోనే ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పాలి. దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకూడదు. మళ్ళీ రెండు చుట్లు ముందుకే తిప్పి రావాలి. క్యామ్ చక్రంలోని రంధ్రం హెడ్డు రంధ్రానికి ఇంకా కొద్ది దూరంలో ఉండగానే ఆగి, ప్లగ్గు ఉన్న రంధ్రంలో క్రాంకు పిన్నును చేతివేళ్ళతోనే పూర్తిగా బిగించాలి. ఆ తరువాత క్రాంకును ఇంకాస్త తిప్పితే, అది పిన్నుకు మెత్తగా ఆని ఆగుతుంది. అదే స్థితిలో క్యామ్ పిన్ను ఏ బలవంతమూ లేకుండా చక్రంలో నుంచి హెడ్డులోకి దూరాలి. సుత్తి అవసరమైతే స్థితి తప్పన్నమాట, పిన్ను తప్పు కాదు.

రెండు పిన్నులూ పడ్డాక హై ప్రెషర్ పంపు చక్రం మీది గుర్తును చూడాలి. అది పక్కనున్న స్థిరమైన గుర్తుకు ఎదురుగా ఉంటుంది. పాతకాలపు డీజిలు ఇంజన్లలో పంపు ఒక పన్ను జరిగితే ఇంజెక్షను వేళే మారిపోయేది. ఈ ఇంజన్‌ది కామన్ రైలు పద్ధతి, ఇందులో డీజిలు ఎప్పుడు చల్లాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది కనుక అంత ప్రమాదం లేదు. అయినా కంపెనీ గుర్తు పెట్టిందంటే దానిని పాటించడమే పద్ధతి. పిన్నులున్నా సరే, ఒక అదనపు సాక్ష్యంగా క్రాంకు, క్యామ్, పంపు చక్రాల మీదా, వాటికి ఎదురుగా ఉన్న కదలని భాగాల మీదా తెల్ల పెయింటుతో సన్నటి గీతలు పెట్టి, ఫోనుతో నాలుగు కోణాల నుంచి ఫోటోలు తీసుకోండి. పెయింటు గీతలతోనే పని కానిచ్చే మేస్త్రీలు చాలామంది ఉన్నారు, వారిలో చేయి తిరిగినవారూ ఉన్నారు. కానీ గీత మందం ఒక పన్ను మందానికి దగ్గరగా ఉండే చోట, గీతను సాక్షిగా మాత్రమే వాడాలి, న్యాయమూర్తిగా కాదు. 20 పళ్ళున్న క్రాంకు చక్రం మీద ఒక పన్ను జారడమంటే 18 డిగ్రీల తేడా. ఇంజన్ స్టార్టు కావచ్చు కూడా, కానీ పొగ, ఊపు తగ్గడం, చలిలో మొరాయించడం మొదలవుతాయి.

పాతది తీయడం, చూడడం

టెన్షనర్ బోల్టును వదులుచేసి, చక్రాన్ని వెనక్కి వదిలితే బెల్టు వదులవుతుంది. చక్రాల మీద నుంచి దానిని చేత్తో జార్చాలి. ఇక్కడి నుంచి క్రాంకునూ క్యామ్‌నూ ఏ కారణంతోనూ తిప్పకూడదు.

పాత బెల్టును పారేయడానికి ముందు వెలుతురులో పట్టుకుని చూడండి. పైకి కొత్తదానిలాగే ఉంటుంది. వీపు వైపు నున్నగా, అచ్చు కూడా చెరగకుండా కనిపించవచ్చు. పళ్ళు బయటికి వచ్చేలా వంచి, పంటికీ పంటికీ మధ్యనున్న లోయలో చూస్తే, వెంట్రుక లాంటి అడ్డ పగుళ్ళు వరుసగా తేలతాయి. ఈ బెల్టు ఎలాగూ పోయింది కనుక వంచినా ఫరవాలేదు. ఒక అంచు మాత్రమే అరిగి నలుపు పొడి రాలుతుంటే ఏదో ఒక చక్రం వంకరగా తిరుగుతోందని అర్థం. సాధారణంగా నేరస్థుడు టెన్షనరో, నీటి పంపు బేరింగో అవుతుంది. బెల్టు జిడ్డుగా ఉంటే నూనె బయటికి కారకుండా ఆపే క్రాంకు సీలునో క్యామ్ సీలునో అనుమానించాలి. సీలు తడిగా కనిపించినా మార్చకుండా కొత్త బెల్టు వేయడం డబ్బు దండగ; నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, పళ్ళు మెత్తబడి ఊడతాయి.

కూలెంటును శుభ్రమైన బేసినులోకి దించి, నీటి పంపును విప్పాలి. విప్పగానే బ్లాకులో మిగిలిన నీళ్ళు ఒక్కసారిగా వస్తాయి. క్రాంకు చక్రం మీద ముందే గుడ్డ కప్పి ఉంచండి. పంపు కూర్చునే ముఖాన్ని ప్లాస్టిక్ గీకుడుపుల్లతో శుభ్రం చేయాలి, అల్యూమినియం మీద బ్లేడు పడితే గీతలు మిగిలి లీకవుతుంది. కిట్టులో గాస్కెట్టు వస్తే గాస్కెట్టు, సీలెంటు వాడమంటే సన్నటి గీతగా సీలెంటు. రెండూ కలిపి పూయకూడదు. బోల్టులను ఎదురెదురు వరుసలో, చిన్న టార్క్ రెంచితో, కొద్దికొద్దిగా బిగించాలి.

కొత్త బెల్టు, దాని బిగువు

కొత్త టెన్షనర్‌ను పెట్టేటప్పుడు దాని వెనుక ఉన్న కొక్కెం తనకున్న గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ఇది తప్పితే బిగువు చూపే ముల్లు అర్థంలేనిదవుతుంది. క్రాంకు చక్రం ముఖాలనూ, పుల్లీ ఆనే ముఖాన్నీ స్పిరిటుతో తుడిచి ఆరబెట్టాలి. నూనె జాడ ఉండకూడదు.

బెల్టు మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజను తిరిగే దిశలో ఉండాలి. ముందు క్రాంకు చక్రం మీద కూర్చోబెట్టి, టెన్షనర్ లేని వైపు బెల్టు వదులు లేకుండా లాగి పట్టుకుంటూ మిగిలిన చక్రాల మీదికి ఎక్కించి, చివరగా టెన్షనర్ మీదికి తేవాలి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. ఎక్కకపోతే స్క్రూడ్రైవరుతో ఎగదోయకండి. టెన్షనర్‌ను ఇంకాస్త వెనక్కి తిప్పండి.

టెన్షనర్‌లోని రంధ్రంలో 6 మిల్లీమీటర్ల అల్లెన్ కీ పెట్టి, గడియారానికి ఎదురుదిశలో తిప్పుతూ కదిలే ముల్లును చూపిన గుర్తు దాకా తెచ్చి, కీ కదలకుండా పట్టుకుని బోల్టును సుమారు 25 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఇది తుది బిగువు కాదు. బెల్టు పళ్ళు చక్రాల పళ్ళలో సర్దుకున్నాకే అసలు కొలత తెలుస్తుంది.

చేత్తో రెండు చుట్లు

రెండు పిన్నులనూ తీసేయాలి. క్రాంకును పానాతో, ముందు దిశలోనే, రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మామూలు కుదింపు బిగుతు ఉంటుంది, అది మెత్తగా పెరిగి మెత్తగా తగ్గుతుంది. ఇనుముకు ఇనుము తగిలినట్టు గట్టిగా ఆగితే అక్కడే ఆగాలి. నేను మొదటిసారి చేసినప్పుడు పానా కదిలించగానే అలా ఆగింది. వాల్వు తగిలిందని గుండె జారిపోయింది. పానా వదిలేసి, చేతులు తుడుచుకుని, కిందికి వంగి చూస్తే క్రాంకు పిన్ను బ్లాకులోనే ఉంది, క్యామ్ పిన్ను ఒక్కటే తీశాను. ఆ రోజు నుంచి రెండు పిన్నులనూ బానెట్ అంచు మీద పక్కపక్కన పెట్టి, కంటితో చూసిన తరువాతే పానా పడతాను.

రెండు చుట్లయ్యాక మళ్ళీ క్రాంకు పిన్ను బిగించి, క్రాంకును దానికి ఆనించి, క్యామ్ పిన్ను దూర్చాలి. మొదటిసారి దూరినంత సులువుగా ఇప్పుడూ దూరాలి. దూరకపోతే బెల్టు ఒక పన్ను తప్పి కూర్చుంది. అల్లెన్ కీతో సవరించి సర్దుకోవాలని చూడవద్దు, బెల్టు తీసి మొదటి నుంచి వేయాలి. దూరితే, కీతో టెన్షనర్‌ను పట్టుకుని బోల్టును ఒక చుట్టుకు మించకుండా వదులుచేసి, కదిలే ముల్లును కొద్దికొద్దిగా కిటికీ లాంటి గాడి మధ్యకు తెచ్చి, మళ్ళీ 25 న్యూటన్ మీటర్లకు బిగించాలి. పిన్నులు తీసి, మరో రెండు చుట్లు తిప్పి, ముల్లు మధ్యలోనే నిలిచిందా అని చూడాలి. ఓపిక ఉంటే ఇంకోసారి. నేను ఎప్పుడూ మూడుసార్లు చూస్తాను, మూడోసారి ఏమీ మారదని తెలిసినా.

మూసివేయడం, తొలి స్టార్టు

బ్లాకు ప్లగ్గును మరవకుండా తిరిగి బిగించాలి. కవర్లు, క్యామ్ సెన్సారు, బ్రాకెట్టు, గీసుకున్న గీతల మీదికి మౌంటింగు వేసి, ఆ తరువాతే కింది జాకీ దించాలి. క్రాంకు పుల్లీని కొత్త బోల్టుతో పెట్టి, మళ్ళీ సహాయకుడి చేత గేరూ బ్రేకూ పట్టించి బిగించాలి. 14 మిల్లీమీటర్ల మర బోల్టు ఉన్న ఇంజన్లకు ముందు 120 న్యూటన్ మీటర్లు, దాని మీద 95 డిగ్రీల కోణం. 12 మిల్లీమీటర్ల బోల్టున్న ఇంజన్లకు అంకెలు వేరు. బోల్టు మందం కొలిచి, మీ బండి వర్క్‌షాపు మాన్యువల్‌లోని అంకెనే పాటించాలి. బయటి కొత్త బెల్టు వేసి, దాని అంచు పుల్లీ గాడులలో సరిగా కూర్చుందా అని చుట్టూ వేలు తిప్పి చూడాలి.

కూలెంటు నింపేటప్పుడు గాలి తీసే మరను వదులుచేసి, అక్కడి నుంచి బుడగల్లేని ధార వచ్చేదాకా నెమ్మదిగా పోయాలి. డీజిలు పైపు ఏదైనా విప్పాల్సి వచ్చి ఉంటే, బానెట్ కింద ఉన్న రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా నొక్కి గాలి తీయాలి. బ్యాటరీ వైరు పెట్టి స్టార్టు చేస్తే ఇంజను ఎప్పటిలాగే అందుకోవాలి. కొద్ది సెకన్లకే ఆపి, పడిపోయిన పనిముట్టు ఏదైనా ఉందా, ఎక్కడైనా కారుతోందా అని చూసి, తిరిగి స్టార్టు చేయాలి. వేగంతో పాటు పెరిగే సన్నటి కూత వినిపిస్తే బెల్టు మరీ బిగిసింది. కవరుకు తగిలినట్టు టపటప వినిపిస్తే వదులు. రెండింటిలో ఏది విన్నా వెంటనే ఆపి కవరు విప్పాలి, నడిపితే సర్దుకుంటుందనుకోకూడదు. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉష్ణోగ్రత ముల్లు మీద కన్నుంచి, ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంటు మట్టం మళ్ళీ చూడాలి; గాలి తేలి కొంత తగ్గడం మామూలే. తరువాతి వారం రోజులు ఉదయాన్నే బండి కింద నేలను ఒకసారి చూస్తే నీటి పంపు బాగా కూర్చుందో లేదో తెలిసిపోతుంది.

టైమింగు కవరు మీద తేదీని, మీటరు అంకెను పెయింటు పెన్నుతో రాసి ఉంచండి. బండి చేతులు మారినా ఆ రాత మిగులుతుంది. బేసినులోకి దించిన పాత కూలెంటును కాలువలో పోయవద్దు, వాకిట్లో మూత లేకుండా ఉంచవద్దు. అందులోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకితే చచ్చిపోతాయి. డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిలు సేకరించే షెడ్డులో ఇచ్చి రావాలి.